చక్రాల ఇంట్లో చంటిపాపకి పక్కెక్కడ?

కిందటి వారం ఈ శీర్షికలో పసిపిల్లలతో విమాన ప్రయాణం గురించి ముచ్చటించుకున్నాం కదా! అది చదివి రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. ఆవిడ కూతురూ అల్లుడూ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఉంటారు. మూడేళ్ళ మనవరాలు, నాలుగు నెలల మనవడు. డిసెంబరు సెలవులకి ఈవిడ అక్కడికి వెళ్తున్నారు. అంతా కలిసి విమానంలో క్రైస్ట్‌చర్చ్ వెళ్ళి, అక్కణ్ణించి పది రోజులపాటు క్యాంపర్ వ్యాన్‌లో దక్షిణ దీవి తిరిగి రావాలని అల్లుడుగారి ఏర్పాటు. ఉత్తరంలో ఆవిడ బెంగంతా ఒకటే.

“వంటా, పడకా అన్నీ ఆ బండిలోనేనట. ఫోటో చూస్తే మా వంటింటికన్నా చిన్నదిగా ఉంది. అందులో అయిదుగురం! పెద్దవాళ్ళం ఎలాగో సర్దుకుంటాం. చంటివాణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలి? మెత్తటి పాత చీర ఒకటి పట్టుకెళ్ళి ఉయ్యాల కడదామంటే అమ్మాయి వద్దంటోంది. వాడు నిద్రపోకపోతే ఎవరికీ నిద్ర ఉండదు కదా?”

మంచి ప్రశ్నే అడిగారు. ఈ రోజుల్లో పురుడు పొయ్యడానికో, పిల్లల్ని చూసుకోవడానికో విదేశాలకి వెళ్ళే అమ్మమ్మలూ నాన్నమ్మలూ మన పాఠకుల్లో చాలామందే ఉన్నారు. సెలవు దొరికితే పిల్లలు వాళ్ళని ఇలాంటి చక్రాల ఇళ్ళలో తిప్పుతున్నారు కూడా. కాబట్టి ఈ వారం ఈ సంగతే వివరంగా చూద్దాం.

నడిచేటప్పుడు సీటు, ఆగినప్పుడు పక్క

మొట్టమొదట గుర్తుపెట్టుకోవలసింది ఈ ఒక్కమాటే. మిగిలినవన్నీ దీని వెనకాల వచ్చేవే.

బండిలో మెత్తటి పరుపు కళ్ళెదుట కనబడుతూనే ఉంటుంది. పిల్లవాడు సీట్లో కట్టేసినట్టుండి గుక్కపెట్టి ఏడుస్తుంటాడు. “ఇంత పరుపుండగా పసివాణ్ణి ఆ బెల్టుల్లో బిగించడమెందుకే, కాసేపు పడుకోబెడతాను ఇలా ఇయ్యి” అని ఏ అమ్మమ్మకైనా అనిపిస్తుంది. అక్కడే మనసు గట్టిచేసుకోవాలి. గంటకి ఎనభై, తొంభై కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండికి హఠాత్తుగా బ్రేకు వేస్తే, పరుపుమీద పిల్లవాడు అదే వేగంతో ముందుకి విసురుగా వెళ్ళిపోతాడు. ఒళ్ళో పెట్టుకున్నా అంతే. ఎంత గట్టిగా పట్టుకున్నా మన చేతులు ఆపలేవు. ఇది ప్రేమకీ, జాగ్రత్తకీ సంబంధించిన విషయం కాదండీ, బరువుకీ వేగానికీ సంబంధించినది.

అందుకే న్యూజిలాండ్‌లో ఏడో పుట్టినరోజు వచ్చేదాకా పిల్లల్ని వాళ్ళ వయసుకి తగిన ప్రత్యేకమైన సీట్లో కూర్చోబెట్టి తీరాలని చట్టం. మనవాళ్ళు దాన్ని కారు సీటు అంటారు. పసివాళ్ళకైతే అది బండి వెనకవైపుకి తిరిగి ఉండాలి. రెండేళ్ళు వచ్చేదాకా అలా ఉంచడమే మంచిదని నిపుణులు చెబుతారు.

ఇక్కడొక మెలిక ఉంది. మామూలు కార్లో ఈ సీటు వెనక సీటుకి చక్కగా అమరుతుంది. క్యాంపర్ వ్యాన్‌లో అన్ని సీట్లూ అలా ఉండవు. భోజనాల బల్ల పక్కనుండే సోఫాల్లో కొన్ని బండి పక్కవైపుకి తిరిగి ఉంటాయి. వాటికి పిల్లల సీటు కట్టకూడదు. కొన్నిటికి నడుముకి మాత్రమే బెల్టు ఉంటుంది, భుజంమీద నుంచి వచ్చేది ఉండదు. అక్కడ చాలా రకాల పిల్లల సీట్లు నిలబడవు. “ఆరుగురు పడుకోవచ్చు” అన్నంత మాత్రాన “ఇద్దరు పిల్లల సీట్లు కట్టుకోవచ్చు” అని అర్థం కాదు. అద్దెకి తీసుకునేటప్పుడే, “మాకు నాలుగు నెలల బాబు, మూడేళ్ళ పాప, ఈ ఇద్దరి సీట్లూ ఏ ఏ చోట్ల కట్టుకోవచ్చు?” అని అడిగి తెలుసుకోమని అల్లుడుగారికి చెప్పండి. డబ్బు కట్టేశాక అడిగితే లాభం లేదు.

సీట్లో నిద్రపోతే?

పోతాడు. బండి కదలికకి పిల్లలు నిమిషాలమీద నిద్రలోకి జారుకుంటారు. పెద్దవాళ్ళు ఎదురుగా చూస్తూ ఉన్నప్పుడు, బెల్టులు సరిగ్గా బిగించి ఉన్నప్పుడు, దారిలో అలా నిద్రపోవడం తప్పేమీ కాదు. కానీ ఆ సీటు ప్రయాణానికే గాని రాత్రి పడకకి కాదు. సగం కూర్చున్నట్టుండే ఆ భంగిమలో, ఇంకా మెడ పూర్తిగా నిలవని పిల్లల తల ముందుకి వాలిపోయి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. పసివాళ్ళ ఊపిరి గొట్టం సన్నటిది, మెత్తటిది. మెడ అలా వంగితే గాలి ఆడే దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఏడవలేరు, కదల్లేరు. చప్పుడు లేకుండా జరిగిపోతుంది.

అందుకని చంటిపిల్లల్ని ఎడతెరిపి లేకుండా రెండు గంటలకి మించి ఆ సీట్లో ఉంచకూడదని బ్రిటన్‌లో చెబుతారు. మరీ నెలల గుడ్డులైతే ఇంకా తక్కువ. దీన్నిబట్టి ప్రయాణం అమర్చుకోవాలి. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో సరస్సుకి సుమారు 225 కిలోమీటర్లు. ఆపకుండా వెళ్తే మూడు గంటల దారి. దాన్ని జెరాల్డిన్‌లో ఒకసారి, ఫెయిర్లీలో ఒకసారి ఆగి, పిల్లవాణ్ణి సీట్లోంచి తీసి, పాలిచ్చి, దుప్పటిమీద కాళ్ళూ చేతులూ ఆడించనిచ్చి వెళ్తే అయిదు గంటలు పట్టొచ్చు. పట్టనివ్వండి. సెలవే కదా!

గమ్యం చేరేసరికి పిల్లవాడు గాఢనిద్రలో ఉంటాడు. “నిద్రపోయే పిల్లని లేపకూడదు, పాపం” అని మన పెద్దవాళ్ళు అంటారు. ఈ ఒక్క విషయంలో ఆ మాట పక్కన పెట్టాలి. బండి ఆగిన వెంటనే బెల్టు విప్పి, మెల్లిగా ఎత్తి, పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. లేచి ఏడిస్తే పది నిమిషాలు భుజానేసుకుంటే సరిపోతుంది.

న్యూజిలాండ్ నేర్చుకున్న పాఠం

వెల్లకిలా అన్నాం కదా, ఎందుకో చెప్పాలి. మీరు వెళ్ళే దేశానికి ఈ విషయంలో చాలా చేదు అనుభవం ఉంది. 1980లలో, అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలు రాత్రి నిద్రలోనే ప్రాణం విడవడం అక్కడ మిగతా సంపన్న దేశాలకన్నా ఎక్కువగా ఉండేది. దాన్ని కాట్ డెత్ అనేవారు. 1987 నుంచి 1990 దాకా మూడేళ్ళపాటు అక్కడి వైద్యులు దేశమంతటా పరిశోధన చేశారు. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టడం, తల్లి పొగతాగడం, తల్లిపాలు ఇవ్వకపోవడం, ఈ మూడూ ఉన్నచోట ప్రమాదం పెరుగుతోందని తేలింది. 1991 నుంచి ఊరూరా ఈ విషయం ప్రచారం చేశారు. మరణాలు చాలా తగ్గిపోయాయి. అమెరికాలో ఇలాంటి ప్రచారమే 1994లో మొదలైంది.

అయితే అక్కడి మూలవాసులైన మావోరీల ఇళ్ళలో మాత్రం మరణాలు ఆశించినంతగా తగ్గలేదు. మనలాగే వాళ్ళకీ పసిబిడ్డని పక్కలో వేసుకుని పడుకోవడం తరతరాల అలవాటు. “విడిగా పడుకోబెట్టండి” అని పైనుంచి ఎంత చెప్పినా తల్లులకి మనసొప్పలేదు. అప్పుడు మావోరీ వైద్యులు, అల్లికపని తెలిసిన స్త్రీలు కలిసి ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. 2006లో హరకెకె అనే నారమొక్క ఆకులతో చిన్న బుట్ట అల్లారు. దాని పేరు వహకురా. అడుగు చదునుగా ఉంటుంది, అంచులు కొంచెం పైకి లేచి ఉంటాయి. దాన్ని తల్లి పక్కమీదే పెట్టుకుంటుంది. బిడ్డ అమ్మ చెయ్యి అందేంత దూరంలోనే ఉంటుంది, కానీ తన చోటు తనదే. అమ్మ ఒత్తిగిలినా మీద పడదు, దుప్పటి ముఖంమీదికి రాదు.

2011 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఇళ్ళు కూలి, బంధువుల ఇళ్ళలో, ఇరుకు గదుల్లో తలదాచుకున్న కుటుంబాల్లో పసిపిల్లలకి పడక లేకుండా పోయింది. అప్పుడు ఆ బుట్ట పద్ధతిలోనే ప్లాస్టిక్ పెట్టెకి చిన్న పరుపు అమర్చి పంచారు. దాన్ని పెపి-పాడ్ అన్నారు. ఆ తరవాత ఈ బుట్టలూ పెట్టెలూ, వాటితోపాటు తల్లులకి చెప్పే జాగ్రత్తలూ ప్రమాదం ఎక్కువున్న ప్రాంతాలకి వ్యాపించాయి. 2009కీ 2015కీ మధ్య ఆ దేశంలో, పుట్టిన తొలి వారం దాటాక ఏడాదిలోపు పోయే పిల్లల సంఖ్య వెయ్యికి 2.8 నుంచి 2.0కి తగ్గింది. అంత తగ్గుదలకి ఈ పడకలూ ఈ ప్రచారమే ముఖ్యకారణమని అక్కడి వైద్యుల అభిప్రాయం.

ఈ సంగతి చదువుతుంటే మీకు మన చేట గుర్తుకు రావడంలేదూ? పుట్టిన బిడ్డని చేటలో మెత్తటి పాతబట్ట పరిచి పడుకోబెట్టడం మన పల్లెటూళ్ళలో ఉన్నదే. చదునైన అడుగు, చిన్న అంచు, లోపల బిడ్డ తప్ప మరేమీ లేదు. వాళ్ళ బుట్టలో ఉన్న కిటుకూ అదే. ఇరుకు చోట పిల్లవాడికి కావలసింది పెద్ద మంచం కాదండీ, తనకంటూ ఒక చదునైన చిన్న చోటు. అది ఉంటే క్యాంపర్ వ్యాన్ ఎంత ఇరుకైనా ఫరవాలేదు. అది లేకపోతే రాజభవనమైనా లాభం లేదు.

మరి చీర ఉయ్యాల?

వద్దు. మీ అమ్మాయి చెప్పిందే నిజం. “మేమంతా అందులోనే పెరిగాం, మాకేమయింది?” అంటారేమో. మన ఇళ్ళలో పగటిపూట ఉయ్యాల ఊపుతూ పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. దూలానికో, ఇనపకొక్కేనికో గట్టిగా కట్టేవారు. ఈ బండిలో అలాంటి కొక్కెం ఉండదు. కర్టెన్ కడ్డీలూ, పైన అలమరాల పిడులూ బిడ్డ బరువు మొయ్యడానికి చేసినవి కావు. ఊగితే నాలుగువైపులా తగిలేవే. పైగా చీర మధ్యకి జారి బిడ్డ వీపు విల్లులా వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. సీట్లో చెప్పుకున్న ప్రమాదమే ఇక్కడా ఉంది. రాత్రి అందరూ నిద్రపోతుంటే చూసేవాళ్ళెవరు?

ఇంకొక మాట. ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉందన్నారు. వేలాడే చీర చూస్తే పెద్దపిల్లలు ఊరుకోరు. మెలితిప్పి తిరగడం, తల దూర్చడం చేస్తారు. చీర మెడకి బిగుసుకుని పిల్లల ప్రాణాలమీదికి వచ్చిన దుర్ఘటనలు మన దేశంలోనే ఎన్నో జరిగాయి. ఆ పాత చీరని పట్టుకెళ్ళండి. నాలుగు మడతలు పెట్టి, పగలు పచ్చికమీద వేసి మనవణ్ణి ఆడించుకోండి.

అయిదుగురికి పడకల పంపకం

ఆరుగురు పట్టే బండ్లలో సాధారణంగా మూడు జంట పడకలుంటాయి. ఒకటి డ్రైవరు తలమీద, నిచ్చెనెక్కి వెళ్ళేది. రెండోది భోజనాల బల్లని కిందికి దించి, సోఫా దిండ్లు పరిచి చేసుకునేది. మూడోది బండి వెనకభాగంలో ఉండేది. ఇలా పంచుకుంటే బాగుంటుంది.

పై పడక అల్లుడుగారికి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని రాత్రిపూట నిచ్చెన ఎక్కించకూడదు. ఆరేళ్ళు నిండని పిల్లల్ని కూడా పై పడకమీద పడుకోబెట్టకూడదు. అమెరికాలో రెండంతస్తుల మంచాలకి పెట్టిన హద్దు ఇదే. మనవరాలు “నేను పైకెక్కుతా” అని మారాం చేస్తుంది. పగలు నాన్న పక్కన ఉండగా కాసేపు ఆడుకోనివ్వండి, రాత్రికి మాత్రం కిందే.

వెనక పడక తల్లీబిడ్డలకి. బిడ్డ మాత్రం తన బుట్టలో. వహకురా, పెపి-పాడ్ లాంటివి అక్కడి ఆరోగ్య కార్యకర్తలు అవసరమైన కుటుంబాలకి ఇస్తుంటారు. అవి లేకపోయినా చదునైన గట్టి అడుగున్న బాసినెట్ ఒకటి అమ్మాయి దగ్గర ఉండే ఉంటుంది. తల్లి పక్కమీద పెట్టుకోవడానికి ఆ బుట్ట తగినదేనా, ఎక్కడ పెట్టాలి అన్నది అమ్మాయి తన నర్సుని అడిగి తెలుసుకోవడం మంచిది. మడిచే పిల్లల మంచం కూడా దొరుకుతుంది. న్యూజిలాండ్‌లో దాన్ని పోర్టకాట్ అంటారు. అది దాదాపు మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు ఉంటుంది. పడకలు పరిచాక నడవలో అంత చోటు మిగులుతుందో లేదో ముందే కొలిచి చూడాలి.

ఇక బుట్ట ఎంతకాలం? బోర్లా పడితే బొబ్బట్లు అంటాం కదా! మనవడు బోర్లా పడడం మొదలెట్టాడంటే బొబ్బట్లు పంచిపెట్టి, బుట్టని పక్కనపెట్టి మడతమంచం తియ్యాలి. అంచు తక్కువున్న బుట్టలోంచి దొర్లే పిల్లవాడు బయటికి వచ్చేస్తాడు. నాలుగు నెలలు నిండాయంటే ఇవాళో రేపో పడతాడు. అందుకని ఈ ప్రయాణానికి రెండూ సిద్ధంగా ఉంచుకోవడం తెలివైన పని.

మధ్య పడక అమ్మమ్మకీ మనవరాలికీ. పాప గోడవైపు, మీరు అంచువైపు. పరుపుకీ గోడకీ మధ్య సందు ఉంటే గట్టిగా చుట్టిన తువ్వాళ్ళు కూరి మూసెయ్యండి. మూడేళ్ళ పిల్లకి ఈ పద్ధతి సరిపోతుంది గాని చంటివాణ్ణి మాత్రం ఈ పడకమీద వెయ్యకండి. మూడు నాలుగు దిండ్లు చేర్చిన పక్క అది. వాటి మధ్య సందుల్లో పసివాడి ముఖం కూరుకుపోతుంది. పడకకి పెట్టే అడ్డుకమ్మీలు కూడా ఏడాదిన్నర దాటిన పిల్లలకే. అంతకన్నా చిన్నవాళ్ళు దానికీ పరుపుకీ మధ్య ఇరుక్కుంటారు.

అమ్మమ్మ పెట్టె విప్పితే

రాజమండ్రి నుంచి వెళ్ళే పెట్టెలో ఏముంటాయో చెప్పమంటారా? తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు, చెవులు కప్పే ఉన్ని కుళ్ళాయి, చేతులకీ కాళ్ళకీ మేజోళ్ళు, స్నానం అయ్యాక వెయ్యడానికి సాంబ్రాణి. అన్నీ ప్రేమతో సర్దినవే. కానీ ఒక్కొక్కటే చూద్దాం.

ఆవాల దిండు: ఏడాదిలోపు పిల్లల పక్కలో దిండు అన్నదే ఉండకూడదు. ఆవాలదైనా, దూదిదైనా అంతే. మెత్తటి బొంత, బొమ్మలు, మడతల దుప్పటి కూడా వద్దు. గట్టి చదును పరుపు, దానిమీద బిగుతుగా పరిచిన ఒక్క గుడ్డ, అంతే. తల ఒకవైపు అణిగినట్టుంటే మెలకువగా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించండి. అదే సరిచేస్తుంది.

కుళ్ళాయి: బయట చలిగాలిలో తిరిగేటప్పుడు తప్పకుండా పెట్టండి. నిద్రపోయేటప్పుడు తీసెయ్యండి. పసిపిల్లల ఒంట్లో వేడి ఎక్కువైతే తలనుంచే బయటికి పోవాలి. కుళ్ళాయి ముఖంమీదికి జారే భయం కూడా ఉంది. డిసెంబరంటే అక్కడ వేసవే అయినా, టెకాపో లాంటి కొండ ప్రాంతాల్లో రాత్రి చలి పది డిగ్రీలకన్నా కిందికి పోతుంది. బ్రిటన్‌లో పసిపిల్లల గదికి 16 నుంచి 20 డిగ్రీలు చాలంటారు. దుప్పటికి బదులు చేతులు లేని గౌనులా భుజాలకి తగిలించి, కాళ్ళ దగ్గర మూసి ఉండే పిల్లల నిద్రసంచి వాడితే కాలితో తన్నేసుకోవడం, ముఖంమీదికి లాక్కోవడం రెండూ ఉండవు. పిల్లవాడికి చలేస్తోందో లేదో చేతులు ముట్టుకుని చూడకండి. అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనకో, ఛాతీమీదో చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే ఒక పొర తియ్యాలి.

సాంబ్రాణి: ఇంట్లోనే వదిలెయ్యండి. మూసిన బండిలో ఏ పొగైనా విషమే.

పొయ్యి, పొగ, గాలి

పసివాడికి మూడడుగుల దూరంలో గ్యాసు పొయ్యి ఉండే ఇల్లు ఇది. పోపు ఘాటుకి పెద్దవాళ్ళమే ఉక్కిరిబిక్కిరవుతాం. చారుపొడి, పులిహోర పేస్టు, వేయించిన కూరపొడులు ఇంటి దగ్గరే చేసుకుని పట్టుకెళ్తే బండిలో అన్నం వండుకుంటే సరిపోతుంది. అది కూడా పిల్లలు మేలుకుని, ఎవరో ఒకరు బయట ఆడిస్తున్నప్పుడు, కిటికీలు తెరిచి చెయ్యండి.

అసలు భయం వాసన వచ్చే పొగతో కాదు, వాసన లేనిదానితో. గ్యాసుగాని, బొగ్గుగాని, డీజిలుగాని సరిగ్గా గాలి అందక మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. నిద్రలో ఉన్నవాళ్ళకి మెలకువే రాదు. చిన్నపిల్లలకి అది పెద్దలకన్నా త్వరగా ఎక్కుతుంది. కాబట్టి చలి వేసిందని పొయ్యి వెలిగించి వెచ్చచేసుకోకూడదు. ఆరిందనుకున్న బార్బెక్యూ కుంపటిని లోపల పెట్టుకోకూడదు. గాలి రావడానికి బండివాళ్ళే ఉంచిన రంధ్రాలని చలిగాలి వస్తోందని గుడ్డలు కుక్కి మూయకూడదు. ఈ వాయువుని పసిగట్టి మోత మోగించే చిన్న యంత్రం దొరుకుతుంది. బండిలో అది ఉందో లేదో, పనిచేస్తోందో లేదో మీట నొక్కి చూడాలి. లేకపోతే కొని తీరాలి. చలి ఎక్కువ ఉన్న రాత్రులకి కరెంటు కనెక్షను ఇచ్చే హాలిడే పార్కులో బండి నిలుపుకుంటే కరెంటు హీటరు వాడుకోవచ్చు.

రాత్రి ఏర్పాట్లు

మొదట బండి సమంగా నిలిచిందో లేదో చూడండి. బల్లమీద గ్లాసులో సగం నీళ్ళు పోసి పెడితే వాలు ఎటుందో తెలిసిపోతుంది. పెద్దవాళ్ళకి కాస్త వాలు ఫరవాలేదు గాని పిల్లవాడి బుట్ట చదునుగా ఉండాలి. చక్రాల కింద పెట్టే వాలుదిమ్మలు బండితోపాటే అడిగి తీసుకోండి.

డిసెంబరులో క్వీన్స్‌టౌన్ దగ్గర రాత్రి తొమ్మిది దాటితేగాని పొద్దు కుంకదు. “ఇంకా తెల్లగా ఉంది, నిద్రేమిటి?” అని మనవరాలు పేచీ పెడుతుంది. ముదురురంగు దుప్పటి ఒకటి కిటికీ చట్రానికి బిగుతుగా నొక్కి కట్టండి. వేలాడే తాళ్ళూ, కర్టెన్ దారాలూ పిల్లలకి అందకుండా పైకి ముడెయ్యండి.

మిల్‌ఫర్డ్ సౌండ్ వైపు వెళ్తే శాండ్‌ఫ్లై అనే చిన్న నల్లటి ఈగలు దోమలకన్నా ఘోరంగా కుడతాయి. అవి ఎక్కువగా పగలే తిరుగుతాయి. తలుపు తీసిన వెంటనే మూసెయ్యాలి. బుట్టమీద వల వేస్తే అంచుల చుట్టూ బిగుతుగా లాగి కట్టాలి, పిల్లవాడి చేతికి అందేలా వదులుగా వేలాడకూడదు.

రాత్రి పాలకి తల్లి లేచినప్పుడు సోఫాలో జారగిలపడి పాలిస్తూ అలాగే కునుకు తియ్యడం అన్నిటికన్నా ప్రమాదం. దిండ్ల సందులో బిడ్డ జారిపోతాడు. నిద్ర ముంచుకొస్తుంటే మీరు లేచి, పాలు తాగడం అయ్యాక బిడ్డని అందుకుని బుట్టలో వెయ్యండి. అమ్మమ్మ చెయ్యగలిగిన అసలు సాయం అదే! అయితే కొండదారుల్లో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలూ, జలుబు మాత్రలూ మత్తు తెప్పిస్తాయి. అవి వేసుకున్న రోజు బిడ్డని పక్కలోకి తీసుకోకండి. అక్కడి వేసవి గడియారం మనకన్నా ఏడున్నర గంటలు ముందుంటుంది. మీ నిద్ర సర్దుకోవడానికి ఆక్లండ్‌లో నాలుగైదు రోజులు ఉండి బయల్దేరితే అందరికీ మంచిది.

ఆ నాలుగైదు రోజుల్లో ఇంకో పని కూడా చెయ్యండి. చంటివాణ్ణి ఇంట్లోనే ఆ బుట్టలో పడుకోబెట్టండి. మనవరాలికి మీ పక్కన ఇరుకు పక్కలో పడుకోవడం అలవాటు చెయ్యండి. అదే లాలిపాట, అదే దుప్పటి, అదే వేళ. పిల్లలు గోడల్ని బట్టి నిద్రపోరు, అలవాటుని బట్టి నిద్రపోతారు.

మన ఊళ్ళో తిరిగేవాళ్ళకీ ఇదే

ఇదంతా విదేశాల సంగతే అనుకోకండి. కేరళ ప్రభుత్వం 2021లోనే కారవాన్ పర్యాటకం ప్రకటించింది. మన దేశంలోనూ పధ్నాలుగేళ్ళలోపు పిల్లల్ని బెల్టుతోనో, ప్రత్యేక సీటుతోనో కూర్చోబెట్టాలని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. తిరుపతికో, అరకుకో కార్లో బయల్దేరి, వెనక సీట్లో పరుపు పరిచి పిల్లల్ని దొర్లనిచ్చే అలవాటున్నవాళ్ళు ఈ చట్టం జరిమానా కోసం కాదని గుర్తుంచుకుంటే చాలు.

బయల్దేరే ముందు సరిచూసుకోండి

ఇద్దరు పిల్లల సీట్లూ బండిలో ఎక్కడ కడతారో తేలిందా?

చంటివాడికి బుట్టా, మడతమంచం రెండూ ఉన్నాయా? మంచానికి చోటు కొలిచారా?

పక్కలోంచి దిండు, బొంత, బొమ్మలు తీసేశారా? పిల్లల నిద్రసంచులు రెండేసి సర్దారా?

కార్బన్ మోనాక్సైడ్ యంత్రం మోగుతోందా? గాలి రంధ్రాలు తెరిచి ఉన్నాయా?

బండిలో ఎవరూ పొగతాగరని అందరికీ ముందే చెప్పారా?

రాత్రి తలుపు గడియ పైన, పిల్ల చేతికందని ఎత్తులో ఉందా? చిన్న టార్చి మీ తలదగ్గర ఉందా?

పిల్లవాడు నెలలు నిండకుండా పుట్టినా, ఊపిరికి సంబంధించిన ఇబ్బందేదైనా ఉన్నా, ఈ ప్రయాణం పెట్టుకునే ముందు అక్కడి పిల్లల డాక్టరుని అడగడం తప్పనిసరి.

వచ్చేవారం ఈ శీర్షికలో: ప్రయాణంలో పాలసీసాలు, గిన్నెలు, చెంచాలు శుభ్రపరచుకునే పద్ధతులు.